రెండూ కలిపి ఒకసారి

మంద్రమక్క సంచీ జిప్పుని ఎడమచేత్తో లాగుతూంటే టంకం మాస్టారికి అనుమానం వచ్చింది. ఆవిడది కుడిచేతివాటం. ఆయన సోల్డరింగ్ ఐరన్‌ని దాని గూట్లో పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చూశారు. కుడిచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ తెల్లటి ప్లాస్టర్లు చుట్టి ఉన్నాయి.

"తలుపు సందులో పడ్డాయా?"

"తీగల సందులో పడ్డాయి బావగారూ," అని నవ్వి, ఆవిడ బేస్ గిటార్‌ని బల్ల మీద పడుకోబెట్టింది. ముందు ఒక గుడ్డ మడతపెట్టి, దాని మీద గిటార్ మెడ ఆనేలా చూసుకుని, అప్పుడు చెయ్యి తీసింది. పసిపిల్లని పడుకోబెట్టేవాళ్ళు చేసే పనే.

వాద్యాలు బాగుచేసే ఆ కొట్టు ఇంటికి ముందుగది. వెనకగదిలో మాస్టారి అత్తగారు ఉంటుంది. కూతురు పోయినా అల్లుణ్ణి మొయ్యక తప్పలేదని ఆవిడ, భార్య పోయినా అత్తగారి ఆజ్ఞలు తప్పలేదని ఈయన, ఒకరినొకరు దెప్పుకుంటూ, ఒకరి మాత్రలు ఒకరు గుర్తుచేసుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు. మంద్రమక్కకి ఆ పేరు పాటల బృందం వాళ్ళు పెట్టారు. మాస్టారి భార్యని ఆవిడ అక్కయ్యా అని పిలిచేది కాబట్టి ఈయన బావగారయ్యారు. అక్కయ్య లేకపోయినా ఆ వరస అలాగే మిగిలింది.

విషయం చెప్పడానికి ఆవిడ తొందరపడలేదు. వెనకగదిలోకి వెళ్ళి పెద్దావిడ మోకాళ్ళ సంగతి అడిగి, మంచం పక్క స్టూలు మీది గ్లాసులో నీళ్ళు మార్చి వచ్చి కూర్చుంది. అప్పుడు, దీన్ని ఎవరికైనా ఇప్పించేసి బరువుగా పలికేది ఇంకోటి చూసిపెట్టమంది.

బృందం లీడరు రెండు నెలల్లో మూడుసార్లు అన్నాడట. స్వరం తప్పడం లేదు, తాళం తప్పడం లేదు, కానీ పాట కింద ఎవరో స్తంభం లాగేసినట్టు ఉంటోందని. ఎంత గట్టిగా మీటినా పైకి తేలిపోతోందని. ఆదివారం పెద్ద కార్యక్రమం. శుక్రవారం రిహార్సల్‌కి మార్పు కనపడకపోతే ఆ ఒక్క ఆదివారానికి ఇంకో అబ్బాయి వచ్చి వాయిస్తాడు. ఒక్క ఆదివారానికే, అని లీడరు రెండుసార్లు నొక్కి చెప్పాడట.

"ఇరవై రెండేళ్ళు కూర్చున్న కుర్చీ," అందావిడ. "ఒక్క ఆదివారం లేచానంటే మళ్ళీ నాకోసం ఖాళీగా ఉంటుందా? వేళ్ళకి బలం తగ్గింది. దాన్ని వాద్యంతో కప్పుకోవాలి, అంతే."

మాస్టారు గిటార్ వైపు చూశారు. దాని పొట్ట మీద రెండు పికప్‌లున్నాయి. ఒకటి మెడకి దగ్గరగా, ఇంకోటి తీగలు ముడేసే బ్రిడ్జి పక్కన. పికప్ అంటే ఏముంది, అయస్కాంతాల చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగితీగని వేల చుట్లు చుట్టిన కాయిల్. పైన తీగ కదిలితే దానికి తెలుస్తుంది. అది చెప్పిందే యాంప్ గట్టిగా చెబుతుంది. బ్రిడ్జి పక్కది ఆర్నెల్ల క్రితం మూగపోతే మాస్టారే విప్పి, తన చేతి మిషన్ మీద తిరిగి చుట్టారు. అంత నున్నటి చుట్టు ఆ మధ్య ఎవరూ చుట్టి ఉండరని ఆయనకి లోపల్లోపల గర్వం.

"వాద్యానికేం ఢోకా లేదమ్మాయ్. ఆ కాయిల్ నా చేత్తో చుట్టింది," అన్నారు.

"అది నాకు తెలీదా," అందావిడ, తీగల మీద లేని దుమ్ము దులుపుతూ.

పికప్‌ని బట్టి బేస్ గొంతు మారుతుందని, కొట్టులో ప్రస్తుతం మూడు రకాలూ ఉన్నాయని మాస్టారు చెప్పారు. తన సొంత పాతది ఒకే పికప్‌ది. బాగుచేతకి వచ్చిన ఇంకోదానికి బ్యాటరీతో నడిచే లావుపాటి జంట కాయిల్ ఉంది. గురువారం పొద్దున్న మూడూ పక్కపక్కన పెట్టి వాయించి చూద్దామన్నారు. ఏది చేతికి ఒప్పితే అలాంటిదే వెతకొచ్చు.

ఆవిడ గిటార్ సర్దుకుని వెళ్ళాక బల్ల అంచున ప్లాస్టర్ ముక్క ఒకటి ఊడి పడి ఉంది. లోపలివైపు గోధుమరంగు మరక. మాస్టారు దాన్ని తీసి పారెయ్యబోయి, కాసేపు చేతిలోనే ఉంచుకున్నారు.

బుధవారం సాయంత్రం ఆయన చెప్పాపెట్టకుండా రిహార్సల్‌కి వెళ్ళారు. బట్టలు కుట్టే కార్ఖానా మీది అంతస్తులో పొడవాటి హాలు. కింద మిషన్లు ఆగాకే పైన పాట మొదలవుతుంది. ఆయన వెనక గోడ వారన ఉన్న చెక్కబెంచీ చివర కూర్చుని, ఎవరూ పలకరించకముందే తల ఊపి కూర్చోమన్నట్టు అందరికీ సైగ చేశారు.

లీడరు చెడ్డవాడేం కాదు. కీబోర్డు వాయిస్తూనే ఎవరికి దాహమో, ఎవరి మైకు వంగిందో కనిపెడుతూ ఉంటాడు. కుడిచెయ్యి మెట్ల మీద పరిగెడుతోంటే ఎడమచెయ్యి గాల్లో ఉంటుంది. ఆ చెయ్యి మంద్రమక్క వైపు తిరిగి, అరచెయ్యి పైకి పెట్టి, ఎత్తు, ఎత్తు అంటోంది. ఆవిడ పెదవి బిగించి ఇంకా గట్టిగా మీటుతోంది. మోచెయ్యి కూడా కదులుతోంది. బేస్ వాయించేవాళ్ళకి మోచెయ్యి కదలడమంటే పాడేవాళ్ళకి మెడనరాలు ఉబ్బడం. అంత మీటినా వినపడేది రబ్బరుబ్యాండు లాగి వదిలినట్టే ఉంది. చప్పుడు ఉంది, అడుగు లేదు.

ఆ చేతిని ఆయన ఎన్నేళ్ళుగానో ఎరుగుదురు. కొట్టులో ఒక్క స్వరం మీటితే గోడకున్న కొలబద్దలు కదిలేవి. ఇప్పుడు తాను కూర్చున్న బెంచీకి కూడా తెలియడం లేదు. పాపం, నిజంగానే తగ్గిపోయింది, అనుకున్నారు మాస్టారు.

విరామంలో లీడరు మంచినీళ్ళు తీసుకొచ్చి ఇచ్చి, పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు. మీరు విన్నారుగా, నాకు చాదస్తమేమీ కాదు కదా, అని. మాస్టారికి అబద్ధం చెప్పాలనిపించింది. కానీ నలభై ఏళ్ళుగా చెవినే నమ్ముకున్న మనిషి.

"వేళ్ళకి కాస్త విశ్రాంతి కావాలేమో," అన్నారు.

లీడరు నెమ్మదిగా తల ఊపాడు. మోస్తున్నదాన్ని ఎవరో ఒక చివర పట్టుకున్నట్టు అతని భుజాలు కిందికి దిగాయి. హాలు ఆ చివర మంద్రమక్క ప్లాస్టర్లు మార్చుకుంటూ ఇటే చూస్తోంది. వినపడే దూరం కాదు. అయినా మాస్టారు తల తిప్పుకున్నారు.

రిహార్సల్ అయ్యాక ఆవిడ గిటార్‌ని తనతోనే తెచ్చుకున్న ఆయన, గురువారం పొద్దున్నే బల్ల ఖాళీ చేశారు. మూడు గిటార్లకీ ఒకే రకం కొత్త తీగలు ఎక్కించారు. తీగకీ పికప్‌కీ మధ్య ఎడం మూడింటికీ సమానంగా ఉండాలని సన్నటి రేకుముక్క దూర్చి కొలుస్తూ స్క్రూలు తిప్పారు. యాంప్ మీద నాబ్‌లని ఒకచోట నిలిపి, కదిలితే తెలిసేలా సుద్దముక్కతో గీతలు గీశారు. మంద్రమక్క వచ్చేసరికి తన కుర్చీని గోడవైపు తిప్పి వేసుకుని ఉన్నారు.

"అదేంటి, నామీద అలకా?"

"కళ్ళు చూస్తే చెవి బద్ధకిస్తుంది. నువ్వు వాయించు, నేను గోడని చూస్తాను. మూడింటి మీదా అవే నాలుగు స్వరాలు."

మొదట మాస్టారి పాతది. దాని పికప్ ఒక్కటే, మధ్యకి రెండు ముక్కలుగా విడగొట్టినది. ఆవిడ మొదటి స్వరం మీటింది. ముదురుగా, మెత్తగా వచ్చింది. పక్కకి వంకరపోదు, మెరవదు, కింద నిలబడి బరువు మోస్తుంది.

వెనకగదిలో టకటకమని చప్పుడైంది. పెద్దావిడ టానిక్ కలుపుకునే గ్లాసులో చెంచా.

"అల్లుడుగారూ, నా గ్లాసు మాట్లాడుతోంది," అని కేక వేసిందావిడ.

"ఏమంటోంది అత్తయ్యగారూ?"

"టానిక్ మీరే తాగండంటోంది."

మంద్రమక్క నవ్వుతూ, ఇది ఇంటికి పెద్దన్నయ్యలా ఉంది అంది. ఒకటే మాట, మారదు, దాని నీడన ఎవరైనా బతకొచ్చు. మాస్టారు ఆ మాటని కాగితం మీద ఉన్నదున్నట్టు రాసుకున్నారు.

రెండోది బ్యాటరీది. లావు పికప్ బ్రిడ్జికి దగ్గరగా ఉంది. స్వరం ఛాతీ విరుచుకుని వచ్చింది. అడుగునా బలం, పైనా మెరుపు, తీగ మీద గోరు తగిలినా దాచదు. చెంచా గ్లాసులో గంతులే వేసింది.

"కొత్తల్లుడు వచ్చినట్టున్నాడు," అంది లోపలినుంచి పెద్దావిడ. "గదిలో అడుగుపెట్టగానే అందరూ లేవాలి. మీరూ అలాగే వచ్చారు. తరవాతే కుదురుకున్నారు."

మాస్టారు గోడవైపు చూస్తూనే నవ్వుకున్నారు. ఆ మాట అనడానికి ఇంట్లో ఒక మనిషి మిగిలి ఉండటం కూడా అదృష్టమే.

మూడోది ఆవిడ సొంతది. దానికి పికప్‌కో వాల్యూమ్ నాబ్ ఉంది. ఆవిడ ఎప్పుడూ రెండూ నిండుగా తెరిచే వాయిస్తుంది. సంచీలో కదలకుండా వాటి మీద టేపు కూడా అంటించి ఉంచింది. ఇలాంటి రెండు పికప్‌లు తోడికోడళ్ళ లాంటివని, ఎవరి గొంతు వాళ్ళదైనా కలిసి పనిచేస్తేనే ఇల్లు నిండుతుందని చెబుతూ, పట్టీ భుజానికి వేసుకుంది. అవే నాలుగు స్వరాలు మీటింది. మళ్ళీ మీటింది.

లోపల ఏ చప్పుడూ లేదు.

"ఆపేశారేం?" అంది పెద్దావిడ. "అయిపోయిందా?"

మంద్రమక్క చెయ్యి తీగల మీద ఆగిపోయింది. ఆవిడ తల వంచుకుని, చూశారా, వేళ్ళే బావగారూ, అంది మెల్లగా. ఇంకేదైనా చూడటం దండగ, ఇలాంటి వేళ్ళకి ఏది కొన్నా ఇంతే, అంది.

మాస్టారు కుర్చీ ఇటు తిప్పారు. ప్లాస్టర్లు చుట్టిన ఆ రెండు వేళ్ళనీ చూశారు. ఇందాక పెద్దన్నయ్యని పలికించింది ఇవే. కొత్తల్లుణ్ణి గంతులు వేయించింది ఇవే. ఒక్క నిమిషంలో వేళ్ళు మారిపోవు.

"ఆ టేపులు పీకెయ్యి," అన్నారు.

మెడ దగ్గరిది ఒక్కటే తెరిపించారు. చెంచా పలికింది. దాన్ని మూసి బ్రిడ్జి దగ్గరిది ఒక్కటే తెరిపించారు. కాస్త పలచగా ఉన్నా చెంచా పలికింది. ఒంటి కాయిల్ కాబట్టి ట్యూబులైటు రొదని కూడా పట్టుకుని గుయ్యిమంటోంది. అది మామూలే. రెండు కాయిల్స్‌నీ ఎదురెదురు దిక్కుల్లో చుట్టి అయస్కాంతాలని కూడా తిరగేసి పెడతారు, రెండూ నిండుగా తెరిస్తే ఆ రొద అణిగిపోవాలి. స్వరం పెరిగి రొద చావాలి. అదే ఈ రకం గిటార్‌లో ఉన్న అందం.

ఆయన గొంతు మారింది. "వాయించకు. ఊరికే రెండూ కలిపి తెరువు."

ఆవిడ తెరిచింది. రొద అణగలేదు. రెట్టింపైంది.

మాస్టారు కుర్చీలోనే ఉండిపోయారు. ఆ రొద అలాగే గదంతా మూగుతోంది. ఆయన చెవిలో మాత్రం ఇంకో మాట వినపడింది. వంటింట్లోంచి, నీళ్ళ కుళాయి చప్పుడు మీంచి, ప్రతి బాగుచేత చివరా భార్య అనే మాట. రెండూ కలిపి ఒకసారి. ఆవిడకి కాయిలంటే ఏమిటో, అయస్కాంతమంటే ఏమిటో తెలీదు. విడివిడిగా వింటే తనకేం అర్థం కాదని, కలిపి వినిపించమనేది. ఆయన విసుక్కుంటూనే కలిపి వినిపించేవారు. ఆర్నెల్ల క్రితం, ఆవిడ పోయాక కొట్టు మళ్ళీ తెరిచిన మొదటి వారం, ఒకదాన్ని చూశారు, ఇంకోదాన్ని చూశారు, మీటరు పెట్టి కొలిచారు. వైరు కొసలు తారుమారైతే మీటరుకి తెలీదు, ఎటు పెట్టినా ఒకే అంకె చూపిస్తుంది. కలిపి వినిపించమని అడిగేవాళ్ళు లేరు. ఆయన సంచీ మూసేశారు.

గిటార్‌ని బల్ల మీదికి తీసుకుని నాబ్‌ల కింది రేకు విప్పారు. ఆయన కొత్త కాయిల్‌కి అతికించిన వైర్లు రెండూ నలుపే. ఆ రోజు తెల్ల వైరు దొరకలేదు. గుర్తుకోసం ఒకదానికి ముడి వేసుకున్నారు. ముడి ఉన్నది నాబ్ వెనక రేకుకి అతకాలి. అది నాబ్ పక్కన పొడుచుకొచ్చిన కాలుకి అతికి ఉంది. టంకం చుక్క మాత్రం ముత్యంలా, తళతళలాడుతూ ఉంది.

"అమ్మాయ్," అన్నారు, తల ఎత్తకుండా. "తోడికోడళ్ళలో ఒకరు అవునంటే ఇంకొకరు కాదంటున్నారు. నువ్వు ఎంత గట్టిగా మీటితే అంత గట్టిగా ఒకరి మాట ఒకరు కొట్టేసుకుంటున్నారు. వాళ్ళని అలా కూర్చోబెట్టింది నేను. ఆర్నెల్ల నుంచి."

ఆవిడ వేళ్ళ మీది ప్లాస్టర్ల వైపు చూసుకుంది.

"నిన్న మీ లీడరు నన్నడిగాడు. నీ వేళ్ళకి విశ్రాంతి కావాలన్నాను. అదీ నేనే."

మంద్రమక్క లేచి యాంప్ ఆపేసి వచ్చింది.

"నాకు మొదటి వారమే అనుమానం వచ్చింది," అంది.

మాస్టారు తల ఎత్తారు.

"తీసుకెళ్ళిన మర్నాడే. ఏదో లోపల తేడాగా ఉందనిపించింది. తిరిగి తెద్దామని సంచీ కూడా భుజానికి వేసుకున్నాను. వీధి మలుపు దాకా వచ్చాను." ఆవిడ బల్ల మీది స్క్రూలని వేలితో ఒక వరసలో పెడుతోంది. "అక్కయ్య పోయాక అప్పుడే మీరు మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ మలుపులోంచి చూస్తే, తలుపు తీసి ఉంది, మీరు ఏదో చుట్టుకుంటున్నారు. మొదటి పనే తప్పని ఎలా చెప్పను? ఇంకో నెల ఆగి చెబుదామనుకున్నాను. నెల అయ్యేసరికి గట్టిగా మీటడం అలవాటైంది. ఆ తరవాత లీడరు అన్నాడు, అందరూ అన్నారు, చివరికి నేనూ నమ్మాను. వేళ్ళదే తప్పని."

"పిచ్చిదానా," అన్నారు మాస్టారు. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడవాల్సింది అద్దాలు కావు. "చెబితే నేనేం ఏడ్చేవాణ్ణా?"

"ఏడ్చేవారు," అంది లోపలినుంచి పెద్దావిడ.

మాస్టారు సోల్డరింగ్ ఐరన్‌ని వేడెక్కించారు. తరవాత పని ఎంతోసేపు పట్టలేదు. రెండు చుక్కలు కరిగించి, కొసలు మార్చి, మళ్ళీ రెండు చుక్కలు. సన్నటి పొగ లేచి ఆయన కనుబొమ్మలకి తగిలి చెదిరింది. రేకు బిగించకుండానే గిటార్ ఆవిడకి ఇచ్చి, యాంప్ మళ్ళీ వేశారు. ఒక నాబ్ తెరిస్తే గుయ్యిమంది, రెండోదీ తెరవగానే గది ఒక్కసారి నిశ్శబ్దమైంది. ఆవిడ నాలుగు స్వరాలూ మీటింది. గోడ మీద కొలబద్దలు కదిలాయి.

లోపల చెంచా మోగింది. అది ఆగాక పెద్దావిడ, "రెండూ కలిపారా?" అంది. ఎప్పుడూ కూతురు అడిగే ప్రశ్న అది. ఆవిడ గొంతులో తెలిసి అడిగినట్టే ఉంది.

"కలిపాను అత్తయ్యగారూ."

శుక్రవారం మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆవిడతో పాటు హాలుకి వెళ్ళారు. మెట్ల మీద ఆవిడ మూడుసార్లు చెప్పింది, వాయిస్తే వాళ్ళకే తెలుస్తుంది, మీరేం చెప్పక్కర్లేదని. ఆయన విననట్టే ఎక్కారు.

ఆవిడ కుర్చీ ముందు గిటార్ ఆనించే ఇంకో కొత్త స్టాండు నిలబెట్టి ఉంది, వచ్చే అబ్బాయికోసం. అది చూసి ఆవిడ సంచీ దించకుండా నిలబడిపోయింది. లీడరు గబగబా లేచి, ఊరికే కొలత చూడటానికి పెట్టామని ఏదో సర్దిచెప్పబోయాడు. మాస్టారు మధ్యలో నిలబడి, మైకు వంచాల్సిన అవసరం లేకుండా అందరికీ వినపడేలా చెప్పారు.

"బుధవారం నేను మీకో మాట చెప్పాను బాబూ. అది తప్పు. వేళ్ళు తప్పు చేసిన మాట నిజం. ఈవిడ వేళ్ళు కాదు, నావి. ఆర్నెల్ల క్రితం వైర్లు తిరగేసి అతికించాను. రెండూ కలిపి వినలేదు. మీరందరూ ఈవిడ చేతిలో వెతికినది నా చేతిలో పోయింది."

లీడరు మాస్టారి వైపు చూశాడు, తరవాత ఆవిడ ప్లాస్టర్ల వైపు చూశాడు. అవి ఎందుకు పడ్డాయో ఇప్పుడే తెలిసినట్టు, తన ఎడమచేతిని మడిచి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇంక వాయిద్దామా?" అంది మంద్రమక్క. "బావగారికి మాత్రల వేళవుతోంది. ఇంట్లో కోర్టు ఉంది."

ఎవరో నవ్వారు. మాస్టారు వెనక్కి నడిచి చెక్కబెంచీ చివర కూర్చున్నారు.

డ్రమ్స్ నాలుగు లెక్కపెట్టాయి. మొదటి స్వరంతోనే ఆయన తొడల కింద బెంచీ వణికింది. కిటికీ అద్దం ఒకటి జిర్రుమంది. ఆర్నెల్లపాటు లేని బరువుకోసం పెనుగులాడిన చెయ్యి అది. ఆ బరువు తిరిగి వచ్చినా, చెయ్యి ఇంకా అదే పంతంతో మీటుతోంది. పాట కింద స్తంభం కాదు, కొండే లేచింది. కీబోర్డు వినపడటం మానేసింది. ఒక పక్కనుంచి కొత్త స్టాండు అదురుతూ అదురుతూ జరిగి పక్కకి ఒరిగింది. లీడరు కాలు చాచి దాన్ని గోడవారకి నెట్టేశాడు.

అలవాటు కొద్దీ అతని ఎడమచెయ్యి గాల్లోకి లేచింది. అరచెయ్యి పైకే ఉంది. ఒక్క క్షణం అలాగే ఆగి, మెల్లగా బోర్లా తిరిగింది. తగ్గించు, కాస్త తగ్గించు, అంటూ రెండుసార్లు కిందికి వంగింది. అతను నవ్వుతున్నాడు.

మంద్రమక్క అది చూసింది. చూడనట్టు తల తిప్పుకుని, ఇంకో నాలుగు స్వరాలు అంతే గట్టిగా వాయించింది.